చప్పుడు లేని నిద్రకు ఇచ్చిన ఫిట్‌నెస్

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం రోడ్డు మీదున్న ఒక సర్కారు దవాఖానాకు బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్, చెవి ముక్కు గొంతు విభాగం. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నేను, స్టాఫ్ నర్సు నస్రీన్, ఒక పాత మైక్రోస్కోపు, వారానికి రెండు రోజులు ఆపరేషన్ థియేటరు, అంతే. రిటైర్మెంటుకు మూడేళ్ళు మిగిలి ఉన్నాయి. ఆ కుర్చీ నాకు ముందు చాలాకాలం ఖాళీగా ఉందట, దుమ్ము నేనే తుడుచుకున్నాను.

ఊరికి ఒక పక్క అడవి, ఇంకో పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. అడవి వైపు నుంచి చెవి కారే పిల్లలు, ముక్కులో జలగ దూరినవాళ్ళు వచ్చేవారు. వాగులో వంగి నీళ్ళు తాగేటప్పుడు సన్నటి జలగ ముక్కులోకి ఎక్కి, లోపలే రక్తం తాగి లావెక్కుతుంది. దాన్ని తెగకుండా బయటికి లాగడం ఓపిక కావలసిన పని. గని వైపు నుంచి వచ్చేవి మాత్రం రెండే ఫిర్యాదులు: చెవుడు, గురక.

గురక అంటే జనం నవ్వుతారు. చదువుకునే రోజుల్లో నేనూ నవ్వినదాన్నే. కానీ గురక పెట్టేవాళ్ళలో కొందరికి నిద్రలో గొంతు పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ గాలి కోసం ఎగిరిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ప్రాణం మీదికి వచ్చేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, ఒక పెద్ద గుటకతో గొంతు తెరుచుకుంటుంది, మనిషికి మాత్రం ఏదీ గుర్తుండదు. గంటలో పదులసార్లు ఇలా జరిగితే ఆ మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోనట్టే. దీన్ని మేం స్లీప్ ఆప్నియా అంటాం. గుండెకు చేటు, బీపీకి చేటు. బండి నడిపేవాడైతే దారిలో ఉన్నవాళ్ళందరికీ చేటు.

ఓదేలు బండి నడిపేవాడే. అదీ మామూలు బండి కాదు, గనిలో మట్టిని మోసే డంపరు. దాని చక్రం పక్కన నిలబడితే నా తల చక్రం పై అంచును కూడా అందుకోదు. నలభై మూడేళ్ళ మనిషి, పొట్టి మెడ, నవ్వు ముఖం. ఒకరోజు ఫస్ట్ షిఫ్టులో, పట్టపగలు పది గంటలకు, అతని డంపరు గని దారి పక్కన పోసిన మట్టి కట్ట మీదికి ఎక్కి ఆగింది. కట్ట లేకపోతే అవతల పెద్ద లోయ. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైవాళ్ళు అతన్ని డంపరు దించి, పైన యార్డులో చిన్న పనికి వేశారు. నిద్ర జబ్బు నయమైందని దవాఖానా నుంచి ఫిట్‌నెస్ తెస్తేనే మళ్ళీ స్టీరింగు. పద్దెనిమిదేళ్ళ ఆపరేటరుకు యార్డులో చీపురు పట్టడం ఎంత అవమానమో అతని ముఖంలోనే కనిపించింది.

అతని భార్య స్వరూప వెంట వచ్చింది. నిద్రలో ఏం జరుగుతుందో చెప్పమంటే ఆమె అందుకుంది.

“గురక అంటే గురక కాదు మేడం, మా క్వార్టర్ల లైన్ల నాలుగిండ్లకు ఇనపడ్తది. గా సప్పుడు ఉన్నంతసేపు నాకు రంది లేదు. సప్పుడు ఆగిందంటే నేను మోచేతితోని పక్కటెముకల్ల ఒక్క పోటు పొడుస్త. అప్పుడు గుడక మింగి మల్ల షురూ చేస్తడు.”

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. పదకొండేళ్ళట. నైట్ షిఫ్టు చేసి వచ్చి అతను పగలు పడుకుంటే, ఆమె పక్కనే కూర్చొని కూరగాయలు తరుగుతూ చెవి ఇటు పెట్టి ఉంచేదట. పుస్తకాల్లో చదివిన జబ్బును ఆమె ఎవరూ చెప్పకుండా పట్టుకుంది, వైద్యం కూడా తనే కనిపెట్టుకుంది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆ గౌరవమే తర్వాత నా కళ్ళు మూసింది.

ఖమ్మంలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర స్లీప్ స్టడీ చేయించాం. ఒంటినిండా తీగలు అంటించి ఒక రాత్రి పడుకోబెడతారు. ఊపిరి, ఆక్సిజన్, మెదడు కదలిక అన్నీ కాగితం మీదికి వస్తాయి. జబ్బు తీవ్రం అని వచ్చింది. దీనికి మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, మాస్కు. సీపాప్ అనే చిన్న మిషను ముక్కులోకి గాలిని తోస్తూ గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. ఓదేలు పది రోజులు పెట్టుకొని తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. “ఏనుగు తొండం లెక్కున్నది మేడం. నాతోని కాదు. కోసేటిదేదో కోసెయ్యుండ్రి” అన్నాడు.

కోయడానికి కారణం కూడా కనిపించింది. టాన్సిల్స్ రెండు వైపుల నుంచి దాదాపు తాకుతున్నాయి. మెత్తటి అంగిలి కిందికి జారి, కొండనాలుక వేలాడుతోంది. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి, ముక్కూ నోరూ మూసి గాలి లోపలికి పీల్చమంటే అంగిలి దగ్గర గొంతు పూర్తిగా మూసుకుంది. నాలుక మొదలు దగ్గర కూడా కొంత ఇరుకు ఉంది. కేసు షీటులో “కొంత” అనే రాశాను. మెలకువగా ఉన్న మనిషి గొంతు చూసి నిద్రలో ఉన్న గొంతును ఊహించడమే ఈ పరీక్షలో ఉన్న లోపం. మత్తు ఇచ్చి నిద్రపుచ్చి కెమెరాతో చూసే పరీక్ష ఉంది, మా దగ్గర అది లేదు. పెద్ద ఊరికి పంపి ఉండాల్సింది. టాన్సిల్స్ అంత పెద్దగా ఉంటే ఇంకేం చూడాలి అనుకున్నాను.

ఆపరేషన్‌కు ఇంగ్లీషులో ఒక లైను పొడవున్న పేరుంది, మేం యూ ట్రిపుల్ పీ అంటాం. టాన్సిల్స్ తీసేసి, కొండనాలుకను కురచ చేసి, అంగిలి అంచును పైకీ పక్కలకూ లాగి, టాన్సిల్స్ చోటున మిగిలిన ముందు మడతనూ వెనక మడతనూ కలిపి కుట్టడం. ఎక్కువ కోస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, తక్కువ కోస్తే ఫలితం రాదు. మత్తు డాక్టరుకు మాకంటే కష్టం, పొట్టి మెడలో గొట్టం వేయడం అంత తేలిక కాదు. నొప్పికి గట్టి మందులు ఇవ్వకూడదు, అవి ఊపిరిని ఇంకా మందగిస్తాయి. ఆ రాత్రి ఐసీయూలో ఉంచాం. ఆక్సిజన్ రెండుమూడు సార్లు పడింది. వాపు వల్ల అనుకున్నాం, మొదటి రాత్రి అలా పడటం మామూలే. రెండు వారాలు గంజి, చల్లటి పాలు, ఐస్‌క్రీము. పుండు చక్కగా మానింది. నోరు తెరవమని చూసినప్పుడల్లా నా కుట్లకు నేనే మురిసిపోయేదాన్ని. రిటైరయ్యే ముందు చేతిలో పనితనం ఇంకా పోలేదని ఒక సంబరం.

మూడు నెలలకు దంపతులు ఫిట్‌నెస్ కోసం వచ్చారు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పగలు నిద్ర వస్తుందా, బస్సులో కునుకు పడుతుందా, భోజనం చేశాక కళ్ళు మూతలు పడతాయా అని పేషెంటును అడిగే ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది. గని ఊళ్ళో ఆ కాగితం చెల్లదు. ఫిట్‌నెస్ కోసం వచ్చిన ఏ కార్మికుడూ నిద్ర వస్తుందని చెప్పడు. అందుకని అక్కడ పనిచేసిన డాక్టర్లందరం భార్యను అడుగుతాం. మగవాడు డ్యూటీ కోసం అబద్ధమాడతాడు, పక్కన పడుకునే మనిషి ఆడదు అని మా నమ్మకం. ఖమ్మంలో కూడా నేను చాలా ఏళ్ళు అదే చేశాను.

స్వరూపను అడిగాను. ఆమె ముఖం వెలిగిపోతోంది, కళ్ళ కింద నలుపు కూడా తగ్గింది.

“అస్సలు సప్పుడే లేదు మేడం. పంక తిరిగే సప్పుడు ఇనపడుతున్నది ఇంట్ల. పక్కింటోళ్ళు ఊరికి పోయిండా మీ ఆయన అని అడిగిండ్రు.”

నిబంధన ప్రకారం ఆపరేషన్ తర్వాత మూడు నెలలకు మళ్ళీ స్లీప్ స్టడీ చేయాలి. ఖమ్మంలో వంతు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. గని డాక్టరు కాగితాలు చూసేది నెలకోసారి, వచ్చే సోమవారం; అది తప్పితే ఇంకో నెల. ఓదేలు చేతులు కట్టుకొని నిలబడి, “ఇంకో నెల చీపురు పట్టమంటరా మేడం” అన్నాడు. నేను కేసు షీటులో “గురక పూర్తిగా పోయింది, భార్య వాంగ్మూలం” అని రాసి, భారీ వాహనం నడపడానికి అర్హుడని సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

సరిగ్గా పదకొండో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు నేను థియేటరులో ఒక ముసలాయన గొంతులోంచి చేప ముల్లు తీసి బయటికి వచ్చాను. నస్రీన్ నవ్వుతూ ఎదురొచ్చింది. “మేడం, ఓదేలు వచ్చిండు, స్వీట్ డబ్బ పట్టుకొని. ఫస్ట్ షిఫ్ట్ దిగి సీదా ఇటే వచ్చిండంట. మీ కోసం చూసి చూసి ట్రాలీ మీద పండుకున్నడు. చూడుండ్రి, పసిపిల్లగాడు నయం, జర సప్పుడు లేదు.”

చూడటానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే నా పనితనం చూసుకోవడానికి వెళ్ళాను.

వరండాలో గోడ పక్కన ఖాళీ ట్రాలీ మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. చుట్టూ జనం, ఎవరో పిల్లాడి ఏడుపు, మందుల గది దగ్గర తోపులాట. అంత గోలలో నిద్రపోతున్నాడు. పక్కన స్టూలు మీద స్వరూప ఒళ్ళో మిఠాయి డబ్బాతో కూర్చొని ఉంది, నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఓదేలు పొట్ట వైపు చూశాను. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతోంది. ఛాతీ లేస్తుంటే పొట్ట పోతోంది. రెండూ ఒకేసారి లేవాలి. నా అరచేయి అతని ముక్కు ముందు పెట్టాను. గాలి లేదు.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాటినా గాలి లేదు. నస్రీన్‌ను ఆక్సిమీటరు తెమ్మన్నాను. వేలికి పెట్టేసరికి ఎనభై ఎనిమిది. తర్వాత ఎనభై ఒకటి. డెబ్బై నాలుగు. పెదవుల రంగు మారుతోంది. అరవై ఆరు దగ్గర ఒంట్లో ఒక చిన్న కుదుపు, ముక్కులోంచి పిసరంత గాలి, నాలుగు ఊపిర్లు, మళ్ళీ పొట్టా ఛాతీ ఒకదానికొకటి ఎదురు. ఇదంతా జరుగుతున్నప్పుడు అతని దగ్గర నుంచి ఏ శబ్దమూ రాలేదు. శబ్దం చేసే అంగిలిని నేనే కోసి కుట్టేశాను. దాని వెనక నాలుక మొదలు వెనక్కి జారి, గొంతును మూతలా మూసేస్తోంది. సెలైన్ గొట్టం రెండు చోట్ల నొక్కుకుపోతే ఒకచోట సరిచేసి చుక్కలు పడుతున్నాయని రాసుకున్నట్టుంది నా వైద్యం.

నేను స్వరూప వైపు తిరిగి, ఇప్పుడు పొడవడం లేదా అని అడిగాను.

“ఎందుకు పొడుస్త మేడం, సప్పుడు లేదు గద” అంది ఆమె.

పదకొండేళ్ళు ఆ మనిషి ప్రాణాన్ని కాపాడింది ఆమె మోచేయి. ఎప్పుడు పొడవాలో ఆమెకు చెప్పింది గురక. ఆ రెంటినీ నేను ఒక్క ఆపరేషన్‌తో తీసేసి, ఆమెను హాయిగా నిద్రపొమ్మని పంపాను. మూడు నెలలకు పైగా ఆ ఇంట్లో అతన్ని లేపే దిక్కు లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో బల్ల మీద రక్తం ఆగని కేసులు చూశాను, అప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. ఇక్కడ అంతా బాగుందని అందరం నవ్వుకుంటున్నాం, మనిషి మా ముందే ఊపిరాడక నల్లబడుతున్నాడు.

అతన్ని లేపి, ఇద్దరినీ నా గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి అతన్ని అడిగాను. డంపరు మీద కునుకు పడుతోందా అని. లేదన్నాడు. ఆక్సిమీటరు అంకెలు చెప్పి మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పాడు.

“మొన్న మట్టి పోసే డంపుకాడ రివర్స్ పోతున్న. అంచుకాడ జెండా ఊపే మనిషి ఉంటడు. గాయన రాయితోని బండిని కొట్టిండు మేడం, కొట్టంగ కొట్టంగ నాకు తెలివొచ్చింది. యాడ బ్రేక్ తొక్కిన్నో యాదికి లేదు. దిగి చూస్తె గాయన కాలికి చక్రానికి నడుమ జానెడు సందు.”

స్వరూపకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆమె మిఠాయి డబ్బాను నా టేబుల్ మీద పెట్టి, అతని ముఖం వైపు చూడకుండా, నన్ను అడిగింది: “మరి నేను మంచిగ పండుకున్ననాళ్ళు ఈయన ఎట్ల బతికిండు మేడం?”

నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి అతనికి మళ్ళీ షిఫ్టు ఉంది. గని డాక్టరుకు ఫోన్ చేసి డంపరు ఎక్కనివ్వద్దని చెప్పాను. తర్వాత ఫిట్‌నెస్ రద్దు చేస్తూ లేఖ రాయాలి. మా సూపరింటెండెంటు మంచివాడు, “పేషెంటు పరిస్థితి మారినందున” అని రాయమని సలహా ఇచ్చాడు. అలాగే రాశాను కూడా. మళ్ళీ చదువుకుంటే సిగ్గేసింది. పేషెంటు పరిస్థితి ఏమీ మారలేదు, నేను చూడలేదు. ఆ కాగితం చింపి, “శస్త్రచికిత్స తర్వాత చేయవలసిన నిద్ర పరీక్ష చేయించకుండానే నేను ఈ ధ్రువపత్రం ఇచ్చాను” అని రాసి సంతకం పెట్టాను. దాని మీద మెమో వచ్చింది, జవాబిచ్చాను. అది న్యాయమే.

ఓదేలు బతిమాలాడు, తర్వాత కోపం చేశాడు. “మీరే ఇస్తరు, మీరే గుంజుకుంటరు” అన్నాడు. రెండో స్లీప్ స్టడీలో ఊపిరి ఆగడం మొదటిసారి కన్నా పెద్దగా తగ్గలేదని తేలింది, గురక గీత మాత్రం దాదాపు చదునుగా ఉంది. చివరికి మాస్కే పెట్టుకున్నాడు, స్వరూప దగ్గరుండి పెట్టించింది. డంపరు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. గనిలో నీళ్ళు తోడే పంపుల దగ్గర డ్యూటీ వేశారు. బజారులో కనబడితే ముఖం తిప్పుకునేవాడు. నేను నొచ్చుకోలేదు.

కానీ ఆ లేఖతో నా పని అయిపోలేదని నాకు తెలుసు. భార్య మాట మీద నయమైందని రాసి పంపినవాడు ఓదేలు ఒక్కడే కాదు. ఖమ్మంలో చేసిన ఆపరేషన్లన్నీ రాసుకున్న నా సొంత నోటు పుస్తకాలు తీశాను. ఇదే ఆపరేషన్ అయి, రెండో పరీక్ష లేకుండా వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు వేరే కాగితం మీదికి ఎక్కించాను. ఓపీ అయ్యాక రోజూ కొందరికి ఫోన్ చేశాను. కొన్ని నంబర్లు మారిపోయాయి. కొందరు దొరికారు, పరీక్షకు రమ్మంటే వచ్చారు. వచ్చినవాళ్ళలో ఇద్దరికి జబ్బు అలాగే ఉంది, ఇంట్లో మాత్రం నిశ్శబ్దం.

బోనకల్ దగ్గరి ఒక మిర్చి రైతు నంబరు కలిసింది. కొడుకు ఎత్తాడు. నేను ఫలానా డాక్టరును, మీ నాన్నకు గొంతు ఆపరేషన్ చేశాను, ఎలా ఉన్నాడని అడిగాను.

“నాన్న లేడు మేడం, రెండేండ్లు అయితున్నది” అన్నాడు. “మంచిగ పోయిండు. ఏ నొప్పి లేదు, ఏ తిప్పలు లేదు. నిద్రల్నే పోయిండు. పక్కల అమ్మ ఉన్నది, ఆమెకు కూడ తెల్వలే, జర సప్పుడు కాలే. మీరు ఆపరేషన్ చేసినంక ఆమె కంటినిండ నిద్రపోయింది, శాన పుణ్యం మీకు.”

ఫోన్ పెట్టేసి నోటు పుస్తకంలో ఆయన పేజీ తీశాను. ఆయనకు వయసు ఉంది, షుగరు ఉంది, గుండె ఆగిపోవడానికి వంద కారణాలుంటాయి. నా ఆపరేషనే కారణమని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. చెప్పగలిగే కాగితం రెండో స్లీప్ స్టడీ, అది ఆయన ఫైలులో లేదు.

గురక తగ్గిందా అన్నది ఇంట్లోవాళ్ళు అడగాల్సిన ప్రశ్న. ఊపిరి ఆడుతోందా అన్నది నేను అడగాల్సింది. రిటైరయ్యేలోపు ఇంకో పదిమందికి అదే ఆపరేషన్ చేశాను, రెండో పరీక్ష చూడకుండా ఒక్కరికీ కాగితం ఇవ్వలేదు. అంతకుముందు పదేళ్ళు మాత్రం వాళ్ళ ప్రశ్నే అడిగి, జవాబు బాగుందని ఇంటికి పంపాను.